నాదం తోలుది, దరువు చేతిది

జాతర నాడు ఊరేగింపు కదలక ముందే డప్పు కళాకారులు ఒక పక్కన గడ్డిమంట వేసుకుంటారు. డప్పును మంటకెదురుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ కాస్తారు. తోలులో తేమ ఆరి బిర్రుగా బిగుస్తుంది. మధ్యమధ్య వేలితో కొట్టి చూస్తారు. మెత్తగా బద్దుమంటే మళ్ళీ మంట దగ్గరికి తీసుకుపోతారు. కంగుమని పలికేదాకా వదలరు. ఆ తర్వాతే చేతుల్లోకి చిర్ర, చిటికెన పుల్ల వస్తాయి.

దూరంగా పొలంలో ఉన్నవాడికి ఆ మోత వినిపిస్తే అందులో రెండు సంగతులు కలిసి ఉంటాయి. ఒకటి నాదం. సెకనుకు వందల సార్లు అదిరే తోలు దాన్ని ఇస్తుంది. డప్పు ఎంత పెద్దదో, తోలు ఎంత బిగువుగా ఉందో అందులో తెలుస్తుంది. రెండోది దరువు. సెకనుకు నాలుగైదు దెబ్బలు పడే ఆ లయ కొట్టే చేతిది. మన చెవి ఈ రెంటినీ ఇట్టే విడదీస్తుంది. ఎవరూ నేర్పనక్కర్లేదు.

సూర్యుడి దగ్గరికి వచ్చేసరికి ఆ పని అంత తేలిగ్గా జరగడం లేదు. సూర్యుడి మీద సౌరజ్వాల లేచినప్పుడు అక్కణ్ణుంచి మైక్రోవేవ్ రేడియో తరంగాలు ఒక్కసారిగా పోటెత్తుతాయి. వాటి బలాన్ని గీతగా గీస్తే ఒక్కోసారి అందులో దువ్వెన పళ్ళలా వరసగా శిఖరాలు కనిపిస్తాయి. ఎనిమిది సెకన్లకొకటి, పదిహేను సెకన్లకొకటి. ఐదారు సార్లు, మహా అయితే పది పదిహేను సార్లు వచ్చి ఆగిపోతాయి. ఈ లయ బిగిసిన తోలు అదురా, లేక కొట్టే చేతి దరువా? యాభై ఏళ్ళు దాటింది ఈ ప్రశ్న పుట్టి. సౌరభౌతికశాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే.

సూర్యుడికి రేడియో గొంతు ఉందన్న సంగతే ముందు యుద్ధంలో బయటపడింది. 1942 ఫిబ్రవరి 12న జర్మనీ యుద్ధనౌకలు బ్రిటిష్ రాడార్లను రొదతో ముంచెత్తి ఇంగ్లిష్ ఛానల్ దాటిపోయాయి. రెండు వారాలు తిరగకుండానే, ఫిబ్రవరి 26 నుంచి 28 వరకు బ్రిటన్ సైన్యం రాడార్లు మళ్ళీ రొదలో మునిగాయి. శత్రువు కొత్త పన్నాగం పన్నాడనే అందరూ అనుకున్నారు. సైన్యం తరఫున ఆ ఫిర్యాదులను పరిశీలించిన జేమ్స్ స్టాన్లీ హే ఒక విషయం పట్టుకున్నాడు. రొద వచ్చే దిక్కు రోజంతా మారుతూ ఉంది, అదీ సూర్యుడితోపాటే. ఆ రోజుల్లో సూర్యబింబం నడుమన ఒక పెద్ద మచ్చల గుంపు ఉంది. యుద్ధ రహస్యం కాబట్టి ఈ సంగతి 1946లో గాని అచ్చు కాలేదు. హే పట్టుకున్నవి మీటర్ల పొడవున్న తరంగాలు. అదే 1942లో అమెరికాలో బెల్ ప్రయోగశాలకు చెందిన జార్జ్ సౌత్‌వర్త్, నెమ్మదిగా ఉన్న సూర్యుడి నుంచి సెంటీమీటర్ల పొడవున్న తరంగాలు కూడా వస్తున్నాయని చూశాడు. మనకు కావలసినవి ఈ రెండో రకం. వంటింట్లో మైక్రోవేవ్ పొయ్యి వాడే తరంగం 12 సెంటీమీటర్లుంటుంది. ఈ అధ్యాయంలో ఎక్కువగా కనిపించే 17 గిగాహెర్ట్జ్ తరంగం రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు.

ఇక జ్వాల సంగతి. సూర్యుడి ఉపరితలం నుంచి అయస్కాంత బలరేఖలు పైకి లేచి, సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాలోకి వంగి, మళ్ళీ దిగుతాయి. పెళ్ళి పందిరి ముందు కట్టిన కమానుల్లా ఉంటాయి. ఉపరితలం కదులుతున్నకొద్దీ వాటి పాదాలు జరుగుతాయి, కమానులు మెలిపడతాయి, ఒకదానిమీదొకటి ఒత్తుకుంటాయి. ఎదురెదురు దిశల్లో ఉన్న రేఖలు ఒక పలుచని పొరలో తగిలి, తెగి, కొత్తగా ముడిపడతాయి. దీన్ని అయస్కాంత పునస్సంధానం అంటారు. మెలికల్లో రోజుల తరబడి దాగిన శక్తి నిమిషాల్లో విడుదలవుతుంది. అందులో పెద్ద వాటా ఎలక్ట్రాన్లకు అందుతుంది. అవి కాంతి వేగంలో సగానికి మించి, కొన్ని దాదాపు ఆ వేగంతోనే, కమాను వెంట పరిగెత్తుతాయి.

పరుగు నేరుగా సాగదు. బలరేఖ చుట్టూ తీగ రాటకు అల్లుకున్నట్టు చుట్లు తిరుగుతూ పోతుంది. క్షేత్ర బలం 300 గాస్ ఉంటే నెమ్మదైన ఎలక్ట్రాన్ సెకనుకు సుమారు 84 కోట్ల చుట్లు తిరుగుతుంది. వేగం పెరిగినకొద్దీ ఆ లెక్క కొంత తగ్గుతుంది. అయితే అంత వేగంగా తిరిగే ఎలక్ట్రాన్ విడుదల చేసే తరంగాలు చుట్ల లెక్క దగ్గరే ఆగవు. దానికి పది, ఇరవై, ముప్పై రెట్ల పౌనఃపున్యాల దాకా వ్యాపిస్తాయి. 84 కోట్లకు ఇరవై రెట్లంటే సుమారు 17 గిగాహెర్ట్జ్. రేడియో డిష్షులో పడేది అదే. ఇక్కడ ఒక గుణాన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి: ఈ వికిరణం క్షేత్ర బలాన్ని బట్టి చాలా గట్టిగా మారుతుంది. పారదర్శకంగా ఉన్న కమానులో క్షేత్రం 5 శాతం పెరిగితే చాలు, మైక్రోవేవ్ వెలుగు 15 నుంచి 20 శాతం పెరగగలదు. కమాను కొద్దిగా అదిరినా రేడియో గీత మీద అది పెద్ద శిఖరంగా పడుతుంది.

1968 ఆగస్టు 8న లేచిన ఒక జ్వాలను మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ పార్క్స్, జాన్ వింక్లర్ బెలూన్‌కు కట్టి పంపిన పరికరంతో చూశారు. సూర్యుడి ఎక్స్ కిరణాలు నేలదాకా రావు, గాలి మింగేస్తుంది. అందుకే పరికరాన్ని వాతావరణం అంచు దాకా మోసుకుపోవాలి. (హైదరాబాదులో టాటా మౌలిక పరిశోధన సంస్థ నడిపే బెలూన్ల కేంద్రం ఉన్నదీ ఇలాంటి పనులకే.) ఎక్స్ కిరణాల గీతలో వాళ్ళకు 16 సెకన్లకొకసారి శిఖరం కనిపించింది. అదే సమయంలో నేల మీద తీసిన మైక్రోవేవ్ గీతను పక్కన పెట్టి చూస్తే అందులోనూ అదే 16 సెకన్ల లయ. రెండు వేర్వేరు పరికరాలు, ఒకటి ఆకాశంలో, ఒకటి నేల మీద. లోపం పరికరానిదనడానికి వీల్లేకుండా పోయింది. 1969లో ఆ పత్రం అచ్చయింది.

మరుసటి ఏడాదే రోసెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త రేడియో హెచ్చుతగ్గులకు ఒక వివరణ ఇచ్చాడు. అయస్కాంత గొట్టం ఉబ్బుతూ నొక్కుకుపోతూ ఉంటే ఈ లయ వస్తుందన్నాడు. తర్వాత సోవియట్ రష్యాలో జైట్సెవ్, స్టెపనోవ్‌లు, 1980 దశకం మొదట్లో బ్రిటన్‌లో ఎడ్విన్, రాబర్ట్స్‌లు ఆ గొట్టం అదురుకు గణితం కట్టారు. ఈ కదలికకు సాసేజ్ అని పేరు పెట్టారు, మాంసం కూరిన పేగు అన్నమాట. నాకు మాత్రం కమ్మరి కొలిమితిత్తి అంటేనే బాగా కళ్ళకు కడుతుంది. తిత్తి నొక్కినప్పుడు కమాను సన్నబడుతుంది, అంతే సంఖ్యలో ఉన్న బలరేఖలు చిన్న చోట ఇరుక్కుంటాయి, క్షేత్రం బలపడుతుంది, మైక్రోవేవ్ వెలుగు పెరుగుతుంది. తిత్తి ఉబ్బినప్పుడు అంతా తగ్గుతుంది. ఇదికాక కమాను మొత్తం బట్టలారేసే తాడులా పక్కలకు ఊగే కదలిక ఒకటుంది. అందులో లావు మారదు.

తిత్తి కదలికకు ఒక షరతు ఉంది. కమాను లావుగా ఉండాలి, బయటికన్నా లోపల ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయిన వేడి వాయువు, చాలా చిక్కగా ఉండాలి. లేకపోతే అదురు గోడల్లోంచి బయటికి కారిపోయి ఒకటి రెండు సార్లకే చచ్చిపోతుంది. మామూలు కరోనా కమానులు సన్నగా, పలుచగా ఉంటాయి. జ్వాల లేచినప్పుడు మాత్రం కింది నుంచి ఉడికిపోయిన ప్లాస్మా పైకి పొంగి కమానును నింపుతుంది. మంటకు కాచినాకే డప్పు పలికినట్టు, జ్వాల రగిలినాకే ఈ తిత్తి పలుకుతుందన్నమాట.

ఇంతవరకు అంతా కాగితం మీది మాట. అప్పటి రేడియో పరికరాలు చాలావరకు సూర్యుణ్ణంతా కలిపి ఒకే అంకెగా చూపేవి. మోత వినిపిస్తుంది, డప్పు కనపడదు. ఆ కొరత తీర్చింది జపాన్‌లోని నొబెయామా. నగానో ప్రాంతంలో, 1350 మీటర్ల ఎత్తున, చలి వణికించే పీఠభూమి అది. ఆ ఊరి రైల్వే స్టేషన్ జపాన్ రైల్వేల (జేఆర్) మార్గాలన్నిటిలోకీ ఎత్తైనది. అక్కడ 1992లో 84 చిన్న డిష్షులను, ఒక్కొక్కటి 80 సెంటీమీటర్లు, ఇంగ్లిష్ ‘టీ’ అక్షరం ఆకారంలో పరిచారు. తూర్పు పడమరలుగా 490 మీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 220 మీటర్లు. మన ఇళ్ళ మీద పాతకాలపు టీవీ డిష్షు ఎంతుండేదో, ఒక్కో డిష్షు అంతే. అవన్నీ ఒకే కన్నుగా పనిచేసి, జ్వాల సమయంలో సెకనులో పదో వంతుకొక బొమ్మ తీసేవి. మొదట 17 గిగాహెర్ట్జ్‌లో, తర్వాత 34లో కూడా. 17 గిగాహెర్ట్జ్‌లో సూర్యుడి మీద ఏడు వేల కిలోమీటర్ల కన్నా చిన్న వివరం ఆ కంటికి ఆనదు. 34లో అందులో సగం దాకా ఆనుతుంది. అది చాలు.

2000 జనవరి 12న ఆ కన్ను ఒంటరి కమాను ఒకదాన్ని చూసింది. పొడవు సుమారు 25 వేల కిలోమీటర్లు, లావు ఆరు వేలు. అంటే పొట్టిగా, బొద్దుగా ఉన్న కమాను. సిద్ధాంతం అడిగిన ఆకారం సరిగ్గా అదే. బ్రిటన్‌లోని వార్విక్ నుంచి నకరియాకోవ్, రష్యా నుంచి మెల్నికోవ్, రెజ్నికోవా ఆ బొమ్మలను ముక్కలు ముక్కలుగా విప్పి చూశారు. కమాను శిఖరం దగ్గర 14 నుంచి 17 సెకన్ల లయ ప్రబలంగా ఉంది. కాళ్ళ వైపు వస్తే 8 నుంచి 11 సెకన్ల లయ పుంజుకుంది. తంబుర తీగను మీటినప్పుడు నడుమ ఎక్కువగా ఊగుతుంది, రెండు కొనల దగ్గర కదలదు. అదే తీగలో రెట్టింపు స్వరం పలికితే నడుమ నిశ్చలంగా ఉండి రెండు పక్కలా ఊగుతుంది. కమానులో కనిపించినదీ దీనికి దగ్గరగానే ఉంది. నెమ్మది లయను వాళ్ళు తిత్తి కదలిక మూలస్వరమని తేల్చారు. వేగం లయకు మాత్రం ఒకటికి మించిన వివరణలు మిగిలాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. పెద్ద చదువేం అక్కర్లేదు. కమాను పొడవు 25 వేల కిలోమీటర్లు. అలలు ఈ కొన నుంచి ఆ కొనకు పోయి తిరిగి రావడం ఒక లయ. పోనూ రానూ 50 వేల కిలోమీటర్లు. పదిహేను సెకన్లు పట్టింది కాబట్టి వేగం సెకనుకు సుమారు 3,300 కిలోమీటర్లు. మన గాలిలో శబ్దం వేగానికి దాదాపు పది వేల రెట్లు. ప్లాస్మాలో ఈ అలల వేగం రెండిటి మీద ఆధారపడుతుంది: క్షేత్రం ఎంత బలమైనదో, ప్లాస్మా ఎంత బరువైనదో. తిత్తి అల వేగం కమాను లోపలి వేగానికీ బయటి వేగానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. ప్లాస్మా సాంద్రత ఎక్స్ కిరణాల నుంచి తెలుస్తుంది. ఇక మిగిలేది క్షేత్ర బలం. దానికి కింద ఇంతకు తగ్గదు, పైన ఇంతకు మించదు అని గీతలు గీయవచ్చు.

ఇందులో గొప్పేమిటంటారా? సూర్యుడి ఉపరితలం మీది అయస్కాంత బలాన్ని 1908 నుంచే కొలుస్తున్నాం. క్షేత్రంలో వర్ణపట రేఖలు చీలుతాయి, ఆ చీలికను జార్జ్ హేల్ సూర్యుడి మచ్చల్లో చూశాడు. కరోనాలో ఆ ఉపాయం పారడం కష్టం. అక్కడి వెలుగు పలుచన. పది లక్షల డిగ్రీల వేడిలో రేఖలు అంతటా పరుచుకుని, చీలిక వాటిలో మునిగిపోతుంది. జ్వాలలు లేచేదేమో అక్కడే. అదురును పట్టుకుని క్షేత్రాన్ని కొలిచే ఈ విద్యకు కరోనా కంపనశాస్త్రం అని పేరు. ట్రేస్ ఉపగ్రహం 1998 జులై 14న ఒక జ్వాల తర్వాత పక్కలకు ఊగుతున్న కమానులను అతినీలలోహిత కాంతిలో చూసింది. నాలుగు నిమిషాలకు పైగా పట్టే ఆ ఊపు నుంచి లెక్కగడితే 13 గాస్ వచ్చింది. పొరపాటుకు అవకాశం ఇటు 9, అటు 9. అంకె ముతకదే. అయినా చేయి పెట్టలేని చోట కొలబద్ద పెట్టారు. మన కాళ్ళ కింద భూమి క్షేత్రం అర గాస్ లోపే ఉంటుంది.

ఇదంతా లయ తోలుదే అయితే. చేతిదైతే? 1980 జూన్ 7న వచ్చిన జ్వాల ఈ అనుమానాన్ని బలంగా లేపింది. ఆ ఏడాదే పైకి పంపిన సోలార్ మాక్స్ ఉపగ్రహం ఎక్స్ కిరణాల్లోనూ గామా కిరణాల్లోనూ ఏడు శిఖరాలు చూసింది, సుమారు ఎనిమిది సెకన్లకొకటి. నొబెయామాలో అప్పటికే ఉన్న పాత పరికరం తీసిన మైక్రోవేవ్ గీతలోనూ అవే శిఖరాలు. దానికి ‘సెవెన్ సిస్టర్స్’ అని ముద్దుపేరు పెట్టారు. ఆకాశంలో అది కృత్తికల పేరు. మన పల్లెల్లో అదే గుంపును పిల్లలకోడి అంటారు. మనవాళ్ళ లెక్కలో కృత్తికలు ఆరుగురే గాని, ఆ జ్వాలకు మాత్రం ఏడు దెబ్బలూ సరిగ్గా పడ్డాయి.

ఎక్స్ కిరణాలకు అంత ప్రాముఖ్యం ఎందుకంటే, ఎలక్ట్రాన్లు దిగువన చిక్కటి ప్లాస్మాలో గుద్దుకున్నప్పుడు అవి పుడతాయి. వాటి బలం క్షేత్రం మీద నేరుగా ఆధారపడదు. కమాను ఎంత ఉబ్బినా నొక్కుకున్నా, వచ్చి పడే ఎలక్ట్రాన్ల సంఖ్య మారకపోతే ఎక్స్ కిరణాల్లో శిఖరం రాకూడదు. వచ్చిందంటే ఎలక్ట్రాన్లే విడతలు విడతలుగా వస్తున్నాయని అనుమానించాలి. పైగా గామా కిరణాలు పరమాణు కేంద్రకాల నుంచి వస్తాయి. ఎలక్ట్రాన్లతోపాటు బరువైన అయాన్లు కూడా దాదాపు అదే క్షణంలో వేగం అందుకున్నాయని ఆ జ్వాలలోనే రుజువైంది. అన్నీ కలిసి కదిలితే, కదిలించేది మూలంలోనే ఉండాలి. ఇది చేతి పక్షం వాదన.

తోలు పక్షం దగ్గర దీనికి జవాబు లేకపోలేదు. కమాను నడుమన క్షేత్రం తక్కువ, కాళ్ళ దగ్గర ఎక్కువ. అందువల్ల కొన్ని ఎలక్ట్రాన్లు కాళ్ళదాకా వెళ్ళి, అద్దం మీది కాంతిలా వెనక్కి తిరుగుతాయి. తిత్తి ఉబ్బి నొక్కుకుంటుంటే ఆ అద్దం గట్టిపడుతూ మెత్తబడుతూ ఉంటుంది. మెత్తబడిన ప్రతిసారీ కొన్ని ఎలక్ట్రాన్లు జారి కిందికి పడతాయి, ఎక్స్ కిరణాల శిఖరం వస్తుంది. రెండు వాదాలూ బలమైనవే. ఏ జ్వాలకైనా ఒకే జవాబు సరిపోతుందని ముందే తేల్చుకోవడం నాకు తొందరపాటుగా కనిపిస్తుంది.

ఈ రెంటికన్నా ముందు దాటాల్సిన గండం ఒకటుంది. అసలు లయ ఉందా? రేకుల ఇంటిమీద వాన పడుతుంటే కాసేపు విని చూడండి. గాలి విసురుకు చినుకులు గుంపులుగా పడతాయి, మనసు వాటిలో తాళం కట్టుకుంటుంది. జ్వాల గీతలోనూ నెమ్మదిగా, యాదృచ్ఛికంగా పెరిగి తగ్గే అలజడి ఉంటుంది. ఎరుపు రొద అంటారు దాన్ని. రెండు మూడు పొంగులు సమాన దూరంలో పడితే కంటికి లయగానే తోస్తుంది. గీత మొత్తం ఎక్కుదిగుళ్ళను సరిచేసి తీసేసే పద్ధతే లేని లయను పుట్టించగలదు కూడా. నొబెయామా చూసిన ఒంటి కమాను జ్వాలలు 12 తీసుకుని 2010లో పరిశీలిస్తే 10 జ్వాలల్లో 5 నుంచి 60 సెకన్ల మధ్య లయలు తేలాయి. కానీ ఎరుపు రొదను లెక్కలో పెట్టి కఠినంగా పరీక్షించే పద్ధతులు వచ్చాక, వెనక ప్రకటించిన లయలు చాలా వాటికి ఆ పరీక్ష దాటడం కష్టమైంది. ఈ రంగంలో నిజాయితీగా పనిచేసేవాళ్ళు ‘ఆవర్తనం’ అనకుండా ‘దాదాపు ఆవర్తనం’ అనడం అందుకే.

నొబెయామా రేడియో కన్ను 28 ఏళ్ళు పనిచేసి 2020 మార్చి 31న మూతపడింది. ఆ పని కాలిఫోర్నియాలోని ఓవెన్స్ లోయలో, సైబీరియాలోని బదారీలో సాగుతోంది. ఓవెన్స్ లోయలో డిష్షులు తక్కువే. అయితే అవి ఒకటి రెండు పౌనఃపున్యాల దగ్గర ఆగకుండా దాదాపు 18 గిగాహెర్ట్జ్ దాకా వందల పౌనఃపున్యాల్లో ఒకేసారి బొమ్మ తీస్తాయి. 2022లో ఆ బొమ్మల నుంచి ఒక బలమైన సాక్ష్యం వచ్చింది. ఒక జ్వాలలో రెండు మైక్రోవేవ్ మూలాలు విడివిడిగా కనిపించాయి. ఒకటి కింద కమానుల దగ్గర, బాగా వెలుగుతూ. రెండోది పైన, బలరేఖలు తెగి ముడిపడే పలుచని పొర వెంట, మసకగా. రెండూ ఒకే అడుగులో పెరిగి తగ్గాయి, 10 నుంచి 20 సెకన్ల లయతో ఒకసారి, 30 నుంచి 60 సెకన్ల లయతో ఇంకోసారి. కమాను అదిరితే పైన ఉన్న పొర కూడా అదే అడుగు వేయవలసిన పనిలేదు. పొరలో అయస్కాంత ముడులు ఒకదాని వెనక ఒకటి పుట్టి జారుతుంటే పునస్సంధానమే విడతలుగా సాగుతుందని కంప్యూటర్ నమూనా చూపింది. ఆ జ్వాల వరకు దరువు చేతిదేనని నేను నమ్ముతున్నాను.

అయితే కథ ఇక్కడ ఇంకో మలుపు తిరిగింది. పొర నుంచి కిందికి దూకే ప్లాస్మా ధార కమాను నెత్తిన పడి, రెండు పక్కలకూ చీలి, వెనక్కి తన్నుతుంది. శ్రుతిదండం రెండు కొమ్ముల్లా ఆ నెత్తి అదురుతుందని 2016లో జపాన్‌కు చెందిన తకసావో, షిబాటా కంప్యూటర్‌లో చూశారు. ఆ అదురుకు వేళ నిర్ణయించేది అక్కడి క్షేత్రమే. అంటే దెబ్బ కొట్టేది చెయ్యే అయినా, మళ్ళీ ఎప్పుడు పైకి లేవాలో తోలే దానికి చెబుతోందన్నమాట.

ఇక్కడ తెలుగు నేల నుంచి వెళ్ళిన ఒక పరికరం పనికొస్తుంది. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య ఎల్1, 2024 జనవరి 6న తన కక్ష్య చేరింది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపు. దాని మీది హీలియోస్ పరికరం 10 నుంచి 150 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ఎక్స్ కిరణాలను చూస్తుంది. రాత్రి అడ్డు రాదు. మన ఉదయం వేళ జ్వాల లేస్తే బదారీలోనూ సూర్యుడు పైనే ఉంటాడు. అక్కడ మైక్రోవేవ్ బొమ్మ, ఇక్కడ ఎక్స్ కిరణాల గీత. రెండిటినీ పక్కపక్కన పెట్టి ఏ శిఖరం ముందు, ఏది వెనక, ఎంత వెనక అని చూడాలి. చేయీ తోలూ తేలేది ఆ తేడాలోనే.

పక్కన పెట్టేటప్పుడు మొదట చేయాల్సిన పని ఒకటుంది. సూర్యుడి నుంచి బయల్దేరిన కిరణం భూమికి రావడానికి సుమారు 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. ఆదిత్య మనకన్నా 15 లక్షల కిలోమీటర్లు ముందుంది కాబట్టి అదే కిరణాన్ని దాదాపు 5 సెకన్లు ముందే చూస్తుంది. పిల్లలకోడి జ్వాల లాంటి ఎనిమిది సెకన్ల లయలో 5 సెకన్లంటే సగానికి పైనే. ఆ 5 సెకన్లు తీసేయడం మరిచిపోతే, కలిసి పడిన దెబ్బలు ఒకదాని తర్వాత ఒకటి పడ్డట్టు కనిపిస్తాయి.